నవల రాస్తున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నువ్వు చిక్కడపల్లి లైబ్రరీ నుంచి తెచ్చిచ్చిన సస్పెన్స్ నవల నిన్న రాత్రి పూర్తిచేశాను. మొదటి వంద పేజీలు కింద పెట్టబుద్ధి కాలేదు. తాళం వేసిన గది, పేరెత్తితే మాట మార్చే పెద్దవాళ్లు... ఎంతో ఆశపెట్టుకున్నాను. చివరికి ఉసూరుమనిపించింది. నువ్వూ కుటుంబ రహస్యం మీదే నవల మొదలుపెట్టావు కాబట్టి ఈ ఉత్తరం.

అందులో హంతకుడు ఆఖరి ముప్ఫై పేజీల్లో దుబాయ్ నుంచి దిగాడు. అంతకుముందు అతని ఊసే లేదు. డిటెక్టివ్ కథలకు ఇంగ్లీషు రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాల్లో మొదటిదే, నేరస్థుడి ప్రస్తావన కథ తొలి భాగంలో రావాలని. నీ కథలో అసలు మనిషిని రెండో అధ్యాయంలోనే కూర్చోబెట్టు. కాఫీ తాగనివ్వు, పెళ్లిపనులు చేయనివ్వు.

ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, ఇంకో సంగతి నాకు మింగుడు పడలేదు. కథంతా ఒక వీలునామా మీద నడిచింది, దాని మీద సాక్షి సంతకం ఒక్కటే! వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్షులు మాత్రం కనీసం ఇద్దరుండాలి. ఆ సంగతి తెలిసుంటే రచయితకు అక్కడే మంచి కథ దొరికేది. రెండో సాక్షి ఎవరు? ఎందుకు నోరు విప్పడు? నీ నవలలో దత్తత ఉందన్నావు కదా, 1956 నాటి హిందూ దత్తత చట్టం చూసుకో. ఆచారం ఉంటే తప్ప 15 ఏళ్లు నిండినవాళ్లను దత్తత తీసుకోవడం కుదరదు.

అన్నిటికంటే నన్ను నిరాశపరిచింది ఆ నవలలోని ముసలావిడ. నలభై ఏళ్లు నోరు మెదపలేదు, ఎందుకో రచయిత చెప్పనే లేదు. మన ఇంట్లో చూడు. మా పెద్దత్తయ్య పేరెత్తితే చాలు, మీ నానమ్మ చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టేది. రాళ్లు లేకపోయినా ఏరేది. బొటనవేలు ఒకే గింజ మీద ఆగిపోయేది. అత్తయ్యకు అంతకుముందే ఒక పెళ్లయి విడిపోయిందని బయటపడితే అత్తయ్య కూతురి సంబంధం చెడిపోతుందని మీ నానమ్మ భయం. ఆ పిల్ల పెళ్లయి అప్పగింతలు అయిన రాత్రి, ఎవరూ అడక్కుండానే, అమ్మ తనంతట తాను మాకు చెప్పింది.

నీ కథలో నానమ్మ దేనికి భయపడుతోందో, ఆ నిజం బయటికొస్తే ఎవరికి ఏం పోతుందో ముందు ఒక కాగితం మీద రాసుకో. అది తేలేదాకా తర్వాతి అధ్యాయం ముట్టుకోకు.

మూడు అధ్యాయాలు అయ్యాక పట్టుకురా. ఆదివారం పొద్దున వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూద్దాం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు దొరికితే నీకు కొనిపెడతాను.

మీ పెదనాన్న