తెల్లరంగు మీద పసుపు మచ్చలు

ప్రశ్న: మేడమ్, మా అమ్మమ్మ చెక్కపెట్టెకి తెల్ల చాక్ పెయింట్ (మెరుపు లేకుండా సుద్దలా ఆరే రంగు) వేశాను. గీకే పనిలేదు, ప్రైమర్ అక్కర్లేదు అని విని నేరుగా వేసేశాను. మొదటి పూత ఆరుతుండగానే అక్కడక్కడా పసుపు మచ్చలు కనిపించాయి. రెండో పూత వేస్తే మళ్లీ వచ్చాయి. మూడోదీ అయింది. డబ్బా ఖాళీ, మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. రంగు నకిలీదా?

జవాబు: రంగు నకిలీది కాదండీ. ఆ మచ్చలు పెట్టె చెక్కలోంచి వస్తున్నాయి. మహాగని, టేకు లాంటి ముదురు చెక్కల్లో టానిన్లు, రంగునిచ్చే మరికొన్ని పదార్థాలు ఉంటాయి. పాత పాలిష్‌లో కలిపిన రంగు కూడా ఒక్కోసారి ఇదే పని చేస్తుంది. చాక్ పెయింట్‌లో ఉండేది నీళ్లు. ఆ తడికి ఇవన్నీ కరిగి పూతలోకి ఎక్కుతాయి. నీళ్లు ఆవిరైపోతాయి, రంగు పైన మిగులుతుంది. మీరు ఇంకో పూత వేసినప్పుడల్లా చెక్కని మళ్లీ తడిపారన్నమాట.

ఈ పాఠం నేను అద్దం ఫ్రేము మీద నేర్చుకున్నాను. ఒకటీ రెండూ కాదు, అయిదు పూతలు వేశాను. మొండితనం! చివరికి చెక్కడపు పువ్వులన్నీ రంగుతో పూడుకుపోయి ముద్దల్లా తయారయ్యాయి, మచ్చలు మాత్రం పోలేదు. మీరు మూడు దగ్గరే ఆగి నాకు రాశారు, నయం.

వేసిన రంగు తీసేయక్కర్లేదు. పెట్టెని ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మైనం తీసిన పారదర్శక షెల్లాక్ రెండు పల్చటి పూతలు వేయండి. షెల్లాక్ అంటే మన లక్కే. అది స్పిరిట్‌లో కరిగి ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, టానిన్లని కిందే ఆపేస్తుంది. కిటికీలు తెరిచి, దీపాలూ స్టవ్‌లూ దగ్గర లేకుండా చూసుకుని వేయండి. బ్రష్‌ని నీళ్లతో కాదు, స్పిరిట్‌తో కడగాలి. షెల్లాక్ ఆరాక ఒక పూత చాక్ పెయింట్, అవసరమైతే ఇంకొకటి. ఈసారి మచ్చ రాదు.

ఇకమీదట ఏ పాత వస్తువు పట్టుకున్నా, దాని వెనకవైపు అరచేయంత మేర తెల్లరంగు పూసి మర్నాటిదాకా ఆగి చూడండి. ముదురు నీలమో బూడిదరంగో వేసేవాళ్లకి ఈ టెన్షన్ అంతగా ఉండదు, మచ్చ వచ్చినా కలిసిపోతుంది.

ప్రశ్న: చాక్‌బోర్డ్ పెయింట్ కొన్నాను. చాక్ పెయింట్ అంటే అదే కదా?

జవాబు: కాదు. మీరు కొన్నది గోడనో చెక్కనో నల్లబల్లలా మార్చి సుద్దతో రాసుకోవడానికి. చాక్ పెయింట్ అనేది ఆరాక సుద్దలా మెరుపు లేకుండా కనిపించే రంగు. 1990లో ఇంగ్లండ్‌లో యానీ స్లోన్ అనే ఆవిడ తయారుచేసి ఆ పేరు పెట్టారు. మీ డబ్బాని పారేయకండి, పిల్లల గదిలో తలుపుకి వేయండి.

ప్రశ్న: ఇంట్లోనే కలుపుకోవచ్చా?

జవాబు: కలుపుకోవచ్చు. మూడో వంతు కప్పు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని అంతే కొలత చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే ఒక కప్పు మెరుపు లేని ఎమల్షన్‌లో పోయండి. పొడిని నేరుగా రంగులో వేస్తే గడ్డలు కడుతుంది. పొడి కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. ప్లాస్టర్ గట్టిపడుతుంది కాబట్టి ఆ పూటకి సరిపడా మాత్రమే కలపండి. ఫోన్ వస్తే తీయకండి!

ప్రశ్న: టీపాయ్‌కి రంగు వేసి మైనం రుద్దాను. వారానికే గ్లాసుల వలయాలు పడ్డాయి. పైన వార్నిష్ కొట్టేయనా?

జవాబు: ఆగండి! మైనం మీద నీటి ఆధారిత వార్నిష్ పట్టుకోదు, పొరలుగా లేస్తుంది. ముందు మినరల్ టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో మైనమంతా తుడిచేయండి. గుడ్డ మార్చుతూ రెండు మూడు సార్లు తుడవాలి. ఆరాక మెరుపు లేని పాలియురేథేన్ వార్నిష్ రెండు మూడు పల్చటి పూతలు వేయండి. ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, బయట విడివిడిగా ఆరేయండి.

మైనం చెడ్డదని కాదు, చేతికి మెత్తగా ఎంత బాగుంటుందో! కానీ అది పూర్తిగా గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆ తర్వాత కూడా వేడికి లొంగుతుంది. ఫొటో ఫ్రేములకీ అద్దాలకీ మైనం, గ్లాసులు పెట్టే బల్లకి వార్నిష్. నేనైతే అంతే.

ప్రశ్న: దశాబ్దాల నాటి ఉయ్యాల. ఎనామిల్ పెచ్చులు లేస్తోంది. ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేద్దామనుకుంటున్నాను, మనవరాలి కోసం.

జవాబు: రుద్దకండి. ఆ కాలపు ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు, రుద్దితే దుమ్మై గాలిలోకి లేస్తుంది. పసిపిల్లలకి అది చాలా ప్రమాదం. పైన చాక్ పెయింట్ వేసి కప్పినా, పిల్లలు అంచులు కొరుకుతారు. దాన్ని జ్ఞాపకంగా ఒక మూల ఉంచి, మనవరాలికి వేరేది చూడండి.

ప్రశ్న: మా నాన్నగారి రోజ్‌వుడ్ కుర్చీకి తెల్లరంగు వేద్దామని నేను, వద్దని అన్నయ్య. పాలిష్ పోయి మురికిగా ఉంది. మీరేమంటారు?

జవాబు: ఈసారికి నేను మీ అన్నయ్య వైపు. ఒకసారి చెక్క గాట్లలోకి దిగిన తెల్లరంగుని మళ్లీ పూర్తిగా తీయడం ఎంత కష్టమో నా అద్దం ఫ్రేము ఇప్పటికీ చెబుతోంది. మీరు మురికి అనుకుంటున్నది ఏళ్ల తరబడి పట్టిన చేతి జిడ్డు కావచ్చు. కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ముందు కుర్చీ అడుగుభాగం తుడవండి. తడి ఆరకముందే వెలుతురులో చూడండి. పాలిష్ పట్టించాక దాదాపు ఆ రంగే వస్తుంది. అది చూశాక కూడా తెల్లరంగే కావాలనిపిస్తే మళ్లీ రాయండి, షెల్లాక్ దగ్గర మొదలుపెడదాం.