నల్లగాజు బిగించేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

దట్టమైన ఎన్‌డీ ఫిల్టర్‌తో, అంటే వెలుగును తగ్గించి షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచనిచ్చే నల్లగాజుతో, ఫోకస్ చేయడం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. కానీ దాన్ని నమ్ముకుని ట్రైపాడ్ భుజాన వేసుకుని బయల్దేరినవాడు మొదటి రోజే రెండు చోట్ల బోల్తా పడతాడు. నువ్వు ఖాయంగా చెప్పిన ఒక మాట అన్ని వేళలా నిజం కాదు. చిక్కంతా ఉన్న చోటును నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు.

"పది స్టాపుల ఫిల్టర్ బిగించాక ఆటోఫోకస్ పనిచేయదు" అని మొదలుపెట్టావు. మధ్యాహ్నపు ఎండలో ఎవరైనా ప్రయత్నిస్తే ఈనాటి కెమెరాలు చాలావరకు నిక్షేపంగా ఫోకస్ చేస్తాయి, ఆ పాఠకుడు నీ తర్వాతి వాక్యాన్ని ఇక నమ్మడు. లెక్క చూడు. ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది కాబట్టి పది స్టాపులకు 1024వ వంతు మాత్రమే లోపలికి వస్తుంది. ఫిల్టర్ అంచు మీద దాన్నే ఎన్‌డీ 1000 అనో, సాంద్రత లెక్కలో 3.0 అనో రాస్తారు. వెలుగు మోతాదును స్టాపుల్లో చెప్పే అంకెను ఈవీ అంటారు; ఐఎస్ఓ (సెన్సర్ గ్రాహకత) 100 దగ్గర మండుటెండ ఈవీ 15 చుట్టూ ఉంటుంది. అందులోంచి పది పోగా మిగిలేది 5, అంటే రాత్రిపూట దీపం వెలిగించిన గదిలో ఉండేపాటి వెలుతురు. అందులో కెమెరా ఫోకస్ వెతుక్కోగలదు. పొద్దు గుంకిన తర్వాత దృశ్యం ఈవీ 7కు పడిపోయిందనుకో, అదే ఫిల్టర్ వెనక మిగిలేది మైనస్ 3. అక్కడ లెన్స్ ముందుకూ వెనక్కూ తారాడి, ఎక్కడో ఒకచోట ఆగి ఊరుకుంటుంది. కాబట్టి ఫిల్టర్ ఎంత నల్లగా ఉందన్నది సగం కథే, దాని వెనక ఎంత వెలుగు మిగిలిందన్నదే ముఖ్యమని రాయి.

తయారీదారులు ఈవీ మైనస్ 4, మైనస్ 6 అంటూ గొప్పగా ప్రకటించే హద్దులను మాత్రం యథాతథంగా ఎత్తి రాయకు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల విషయంలో ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఎఫ్/1.2 లాంటి, ఎక్కువ వెలుగు రానిచ్చే లెన్స్‌తో కొలిచామని ఉంటుంది. నీ పాఠకుడి చేతిలో ఉన్నది బహుశా ఎఫ్/4 జూమ్. పైగా కొన్ని కెమెరాలు మనం పెట్టిన అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) దగ్గరే ఫోకస్ చేస్తాయి. ఎఫ్/11 పెట్టి ఉంచితే, ఎఫ్/2.8తో పోలిస్తే అక్కడే మరో నాలుగు స్టాపులు పోయినట్టు. ఫోకస్ కుదిరేదాకా అపెర్చర్ తెరిచి ఉంచమని ఒక వాక్యం చేర్చు. ఫోకస్ కుదిరిన అంచులకు తెర మీద రంగు పూసి చూపే పీకింగ్‌ను నమ్మమని రాసిన వాక్యం మాత్రం కొట్టేశాను: చీకట్లో తెర మీద లేచే రవ్వలను కూడా అది అంచులనుకుని రంగు పూస్తుంది.

ఇక అసలు చోటు. "ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఫిల్టర్ బిగించాలి" అన్నావు. అక్షరాలా నిజం, కానీ ఆ మూడు పనుల మధ్య ఏం జరుగుతుందో నువ్వు చూసినట్టు లేదు. ఫిల్టర్‌ను రెండు వేళ్లతో అంచు పట్టుకుని తిప్పుతావు. మర సరిగా పడదు. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెడతావు. ఈసారి కొంచెం నొక్కుతావు. ఆ నొక్కుడు తట్టుకోవడానికి ఎడమచెయ్యి తనంతట తానే లెన్స్‌ను చుట్టుకుంటుంది, అది పట్టుకున్నది సరిగ్గా ఫోకస్ రింగునే. వెంట్రుకవాసి కదిలినా నీకు తెలియదు, ఎందుకంటే వెలుగు తక్కువైతే ఆ క్షణం నుంచి తెర మీద ఏమీ స్పష్టంగా కనిపించదు. ఎడమచెయ్యి లెన్స్ మొదట్లో, కదలని భాగం మీద ఉండాలని రాయి. పాత లెన్స్‌లు కొన్నింటిలో ఫోకస్‌తో పాటు ముందు గాజు కూడా తిరుగుతుంది. వాటికి మర ఫిల్టర్ అంటే బిగించిన ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టుకోవడమే. గాజుపలకను పట్టుకునే హోల్డరు ముందే బిగించి ఉంచి, చివర్లో గాజుపలకను మెల్లగా జార్చితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్లకూ ఇదే సుగుణం ఉంది. రింగు మీద టేపు అంటించడం మంచి ఉపాయమే గానీ, టేపు అంటించే వేళ్లు కూడా రింగునే తాకుతాయి.

మాన్యువల్‌కు మార్చడానికి బదులు, ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కు అప్పగించే పద్ధతిని నువ్వు ప్రస్తావించనే లేదు. నా మట్టుకు నాకు అదే మేలు. అప్పుడు షట్టర్ నొక్కినా లెన్స్ మళ్లీ వెతుకులాటకు దిగదు. రింగును మోటారు ద్వారా నడిపే లెన్స్‌లలో చాలావాటికి, ఆటోఫోకస్‌లో ఉండగా రింగు తిరిగినా ఏమీ కాకుండా అమర్చుకోవచ్చు కూడా. యాంత్రికంగా తిరిగే లెన్స్‌లకు ఆ రక్షణ లేదన్నది పక్కనే చెప్పాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక సాయంత్రం నీటి అంచున రాళ్ల మీద జాగ్రత్తగా ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఫిల్టర్ మీద పడిన తుంపర తుడిచేలోగా బ్యాటరీ ఎందుకు వృథా అని కెమెరా ఆపేశాను. మళ్లీ వెలిగించి, ఫిల్టర్ పెట్టి, వెలుగు పోయేదాకా ఒక్కొక్కటి నిమిషం పైబడి ఇచ్చి ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్క రాయికీ అంచు లేదు. మోటారుతో నడిచే ఆ లెన్స్, కెమెరా ఆపగానే తన స్థానాన్ని మరిచిపోయి, వెలిగించగానే తనకు తోచిన చోటికి వెళ్లి కూర్చుంది. కొన్ని కెమెరాల్లో ఆ స్థానాన్ని గుర్తుంచుకునే అమరిక ఉంటుంది. నేను దాన్ని ఎన్నడూ తెరిచి చూడలేదు. దానంతటదే నిద్రపోయే కెమెరాతోనూ ఇదే ప్రమాదం ఉండొచ్చు. నీ వ్యాసంలో ఈ సంగతి లేకపోతే ఆ వ్యాసం సగమే. అలాగే జూమ్: ఫోకస్ చేశాక ఫోకల్ లెంగ్త్ మారిస్తే చాలా జూమ్ లెన్స్‌లలో ఫోకస్ కూడా చోటు తప్పుతుంది కాబట్టి ఫ్రేము ముందే కుదుర్చుకోవాలి.

"ఫిల్టర్ గాజు వల్లే ఫోకస్ మారిపోదా?" అని చివర్లో అడిగి, జవాబు చెప్పకుండా వదిలేశావు. సమతలంగా ఉన్న గాజుపలక వస్తువును తన మందంలో దాదాపు మూడోవంతు దగ్గరకు జరిపినట్టు చూపిస్తుంది. 2 మిల్లీమీటర్ల గాజుకు అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు; పది మీటర్ల అవతలి రాయికి అది లెక్కలోకి రాదు. లెన్స్‌కు వెనక పెట్టే ఫిల్టర్ సంగతి వేరు. అక్కడ ఆ కొద్దిపాటి కదలిక సెన్సర్ ముందే వస్తుంది కాబట్టి ఫిల్టర్ పెట్టాకే ఫోకస్ చూసుకోవాలి.

ఎంత తప్పు క్షమార్హమో కూడా చెప్పు, లేకపోతే పాఠకుడు అనవసరంగా బెదిరిపోతాడు. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము ఫ్రేమంత సెన్సర్) మీద 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/11 దగ్గర సుమారు 1.8 మీటర్లకు ఫోకస్ చేస్తే, 0.9 మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది; అక్కడ రింగు కాస్త కదిలినా కొంప మునగదు. అదే 200 మిల్లీమీటర్లకు, ఎఫ్/8 దగ్గర, అనంతం దాకా స్పష్టంగా రావాలంటే ఫోకస్ చేయాల్సిన దూరం దాదాపు 167 మీటర్లు. చెయ్యి తగిలిందంటే తెలిసిపోతుంది.

ఫోటో తీశాక నీళ్లను పెద్దది చేసి చూడమని రాశావు. నీళ్లు ఎలాగూ అలుక్కుపోతాయి. చూడాల్సింది కదలని రాతి అంచును. అది మసకగా ఉండి, దాని ముందో వెనకో మరేదైనా వస్తువు స్పష్టంగా ఉంటే తప్పు ఫోకస్‌ది. దగ్గరా దూరం తేడా లేకుండా అన్ని అంచులూ ఒకే దిక్కుకు సాగి ఉంటే తప్పు ట్రైపాడ్‌ది, ఫోకస్‌ను ఆడిపోసుకోవద్దు.

దిద్దిన ప్రతిని ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నీ వ్యాసంలోని మూడో పేరాను మాత్రం, లెన్స్ ఫోకస్ రింగు మీద పెన్సిల్‌తో సన్నని గీత పెట్టి, ఫిల్టర్‌ను పదిసార్లు బిగించి విప్పి, గీత ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టుకున్నాకే తిరగరాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి