చిన్నోడా, లెట్రిన్‌కి గుంతలు రెండు తియ్యి

చిన్నోడా, మొన్న ఫోన్‌లో చెప్పావు గదా ఊళ్ళో ఇంటికి లెట్రిన్ కట్టిస్తున్నానని, మేస్త్రీ పదడుగుల లోతు ఒకటే గుంత తీద్దాం ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లా అన్నాడని, టైల్స్ కూడా సెలెక్ట్ చేశానని. ఫోన్‌లో సగం మాటలే అయినయి, అందుకే రాస్తున్నా. తాపీ పని చేసినన్నాళ్ళూ ఇలాంటివి చాలా కట్టా, వాటిల్లో ఎన్ని వాడుతున్నారో, ఎన్నిట్లో కట్టెలు పిడకలు పెట్టుకున్నారో కూడా చూశా. టైల్స్ డబ్బు తగ్గించి నేల కింద పెట్టు. ఒక్క పెద్ద గుంత వద్దు, లోతు తక్కువవి రెండు తియ్యి.

పదడుగుల గుంత ఎంత పెద్దదైనా ఏదో ఒక రోజు నిండుద్ది. నిండిన రోజు అందులో ఉండేది పచ్చి మలం, దాన్ని ఎవరు తీయాలి? నువ్వు తీయవు, నేను తీయను, ఎవరో పేదోడికి డబ్బులిచ్చి దింపుతారు. లోపల గ్యాస్ పట్టి ఉంటది, దిగినోడు ఊపిరాడక పడిపోతాడు, వాణ్ణి తీయబోయి ఇంకొకడు పోతాడు, పేపర్లో చూస్తూనే ఉన్నాం గదా. మనుషుల్ని అట్లా దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది, చనిపోతే కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ఇంకా దింపుతూనే ఉన్నారు. మన ఇంటి కోసం ఒక మనిషి ఆ గుంతలో దిగే అవసరమే రాకుండా కట్టాలి రా, నాకు అన్నిటికంటే ఇది ముఖ్యం. పైగా గుంత ఎంత లోతు పోతే అంత భూమిలో నీళ్ళకి దగ్గరవుద్ది, ఆ నీళ్ళే మళ్ళీ బోరులో తోడుకుని తాగేది.

రెండు గుంతలైతే ఒకటి వాడతాం, నిండగానే, బేసిన్ పైపు రెండు గుంతలకీ చీలే చిన్న తొట్టి ఉంటది గదా, ఆ చాంబర్‌లో ఆ వైపు మూసి రెండోదానికి తిప్పుతాం. మూసిన దాన్ని రెండేళ్ళు కదిలించొద్దు. అప్పటికి మలమంతా మట్టిలో మట్టై పొడి ఎరువయిపోద్ది, వాసన ఉండదు, పారతో తీసి చేలో చల్లుకోవచ్చు. మనోళ్ళు నమ్మరు, ఛీ అంటారు. 2017లో కేంద్రంలో శానిటేషన్ సెక్రటరీగా ఉన్న పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ దగ్గర గంగదేవిపల్లి వచ్చి తనే గుంతలోకి దిగి ఆ ఎరువు తీశారు, అంత పెద్ద ఆఫీసర్ దిగాక మనకేం?

మేస్త్రీ పక్కన నువ్వు నిలబడి చూడాల్సినవి చెప్తా. గుంత వెడల్పు లోపల మూడడుగుల పైన, లోతు నాలుగడుగులు, ఐదారుగురున్న ఇంటికి ఒక్కోటి మూడేళ్ళకి తక్కువ కాకుండా వస్తది. రెండిటి మధ్య కనీసం గుంత లోతంత దూరం ఉండాలి, దగ్గరగా తీస్తే వాడే గుంతలో నీళ్ళు మూసిన దాంట్లోకి ఊరి అది ఆరదు. బోరుకి పది మీటర్లు, అంటే ముప్పైమూడు అడుగులు తగ్గొద్దు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులు వదిలి కట్టించు, సిమెంటు ఒరలైతే చిల్లులున్నవి తీసుకో, పైపు లోపలికొచ్చే చోటు నుంచి పైకి మాత్రం గట్టిగా కట్టాలి. అడుగున కాంక్రీట్ అసలొద్దు, నీళ్ళు మట్టిలోకి ఇంకాలి గదా. మనది ఎర్రనేల, బాగా పీల్చుద్ది. మీ అత్తగారి ఊళ్ళో నల్లరేగడిలో అయితే చుట్టూ ఒక అడుగు మందాన ఇసుకో కంకరో నింపాల్సొచ్చేది. గ్యాస్ పైపు పెడతానంటాడు, అలవాటు కొద్దీ అందరూ పెడతారు, ఈ గుంతలకి అక్కర్లేదు, గ్యాస్‌ని మట్టే పీల్చుకుంటది.

బేసిన్ మాత్రం వాటం ఎక్కువున్న రూరల్ బేసిన్ అడుగు, రెండు లీటర్ల నీళ్ళకే పోద్ది, మామూలు దానికి బకెట్ పోయాలి. నీళ్ళు ఎక్కువ కావాలంటే మోసేది ఎవరు, మీ అమ్మే. అందుకని కుళాయి లోపలే పెట్టించు, బయట డ్రమ్ము పెట్టి చెంబుతో తెచ్చుకోమంటే నెల తిరక్కుండా వాడకం ఆగిపోద్ది. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఈ గుంతలోకి వదలొద్దు, వాటికి ఇంకుడు గుంత వేరే. యాసిడ్ పోయొద్దని ఇంట్లో చెప్పు, లోపల మలాన్ని మట్టి చేసే కంటికి కనపడని క్రిములు చచ్చిపోతయి. ప్యాడ్లు కూడా అందులో వేయకూడదు.

రూమ్ మరీ ఇరుగ్గా కట్టొద్దు. మీ నాయనమ్మకి మోకాళ్ళు వంగవు, గోడకి పట్టుకునే రాడ్ పెట్టించు, గుమ్మం దగ్గర మెట్టు ఎత్తు పెట్టొద్దు, లైటు ఖచ్చితంగా కావాలి. ఇన్నేళ్ళు ఆడోళ్ళు చీకటి పడిందాకా ఆపుకుని, దారిలో ఇబ్బందవుద్దని సాయంత్రం నీళ్ళు కూడా తాగకుండా బతికారు రా, మూత్రం మంట జ్వరం అని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు. తలుపు ఎటు తెరవాలో, గొళ్ళెం ఎంత ఎత్తులో ఉండాలో మీ అమ్మని, నాయనమ్మని అడిగి పెట్టించు, మేస్త్రీని కాదు.

స్వచ్ఛభారత్ కింద అర్హత ఉన్నోళ్ళకి 12,000 ఇచ్చేవాళ్ళు, ఇప్పుడూ ఇస్తున్నారేమో పని మొదలుపెట్టక ముందే గ్రామ సచివాలయంలో అడుగు. వచ్చినా దాంతో మొత్తం అవదు, కానీ ఒరల ఖర్చుకి ఆసరా. ఇక మేస్త్రీ రెండో గుంత తర్వాత చూద్దాంలే అంటాడు, ఒప్పుకోకు, ఆ తర్వాత అనేది రాదు. గుంతల మీద బిళ్ళలు మూయకముందు లోపలివి, చాంబర్‌వి ఫొటోలు తీసి పంపు, నేను చూసి సరే అన్నాకే మూయించు.

మీ పెదనాన్న