అమలుకాని పథకానికి ఇంగ్లీషులో ఏ మాట?

ప్రశ్న: ఆచరణలో సాగని పథకాన్ని ఇంప్రాక్టికల్ అనాలా, ఇంప్రాక్టికబుల్ అనాలా? రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు. పథకం ఎక్కడ తెగుతోందో చూసుకుని మాట ఎంచుకోవాలి. 600 ఫైళ్లను ఒక్క మనిషి ఒక్క రోజులో తనిఖీ చేయాలన్నారనుకోండి. 8 గంటల పనిలో ఫైలుకు దక్కేది 48 సెకన్లు. తెరిచి మొదటి పేజీ చదివేసరికే ఆ కాస్తా అయిపోతుంది. చేయడానికే వీల్లేదు కాబట్టి ఇది ఇంప్రాక్టికబుల్. అదే పనికి 20 మందిని పెడితే మనిషికి 30 ఫైళ్లు, ఫైలుకు 16 నిమిషాలు. పని అవుతుంది. కానీ ఒక్క రోజు కోసం అంతమందిని పోగుచేసి పని నేర్పడం దండగ అనిపిస్తే, అప్పుడది ఇంప్రాక్టికల్.

పలికేటప్పుడు చివర 'కేబుల్' అనకండి, 'కబుల్' అనాలి. ఊనిక 'ప్రాక్' మీద.

ఇంప్రాక్టికల్ అన్న మాట మనుషులకూ తగులుతుంది. 'యూ ఆర్ ఇంప్రాక్టికల్' అంటే నీకు లోకం తెలియదన్నట్టే. తప్పు పథకానిదైతే వాక్యం 'ది ప్లాన్' అనే మొదలవ్వాలి.

నిబంధనలకు, ఒప్పందాలకు బాగా నప్పేది అన్‌వర్కబుల్. ప్రతి ఫైలు మీదా నలుగురు అధికారులు ఒకేచోట కూర్చుని సంతకం చేయాలన్న నిబంధన కాగితం మీద బాగానే ఉంటుంది. ఒకరు సెలవు పెట్టిన రోజున అన్నీ ఆగిపోతాయి. ఇక పని నడుస్తున్నా రాబడి ఖర్చుకు చాలకపోతే అన్‌వయబుల్. ఆ మాటకు మూలం లాటిన్‌లో 'జీవితం', అంటే తన కాళ్ల మీద బతకలేనిదని.

ప్రశ్న: పై అధికారికి రాసే మెయిల్‌లో ఇంపాసిబుల్ అంటే కటువుగా ఉంటుంది. బదులుగా ఏం రాయాలి?

జవాబు: 'నాట్ ఫీజిబుల్' అని రాసి, వెంటనే షరతు చేర్చండి: 'నాట్ ఫీజిబుల్ విత్ ది ప్రెజెంట్ స్టాఫ్'. ఏది మారితే పని జరుగుతుందో అందులోనే తెలుస్తుంది. షరతు వదిలేస్తే అదీ మొండి నిరాకరణే. అన్‌ఫీజిబుల్, ఇన్‌ఫీజిబుల్ రెండూ ఒప్పే. గణితంలో మాత్రం, షరతులన్నీ తీర్చే పరిష్కారమే లేని లెక్కను ఇన్‌ఫీజిబుల్ అంటారు. హాఫ్-బేక్డ్ అని మాత్రం పై అధికారి ఆలోచనను అనకండి. సరిగా ఆలోచించకుండా తెచ్చారన్న నింద అందులో ఉంది.

ప్రశ్న: పైప్ డ్రీమ్, పై ఇన్ ది స్కై ఒకదాని బదులు ఒకటి వాడవచ్చా?

జవాబు: చాలాచోట్ల వాడేస్తున్నారు గానీ, తేడా నిలుపుకోదగ్గదే. పైప్ డ్రీమ్‌లోని పైప్ నల్లమందు పీల్చే గొట్టం. మత్తులో కనిపించే కల కాబట్టి, మనిషి తనకు తాను పెట్టుకున్న ఆశకు సరిపోతుంది. రెండోది 1911 నాటి జో హిల్ పాటలోది. అందులో 'పై' అంటే ఒక తినుబండారం. ఆయన అమెరికాలో కార్మికుల కోసం పాటలు కట్టినవాడు. ఇప్పుడు ఆకలితో ఉన్నవాడికి చచ్చాక స్వర్గంలో తిండి దొరుకుతుందనే బోధకులను ఎత్తిపొడిచాడు. అందుకే ఎదుటివాళ్లు చేసే వట్టి వాగ్దానాలకు అది వాడితే పదును. మన 'అరచేతిలో వైకుంఠం' దానికి అచ్చంగా అతుకుతుంది. 'గాలిలో మేడలు' అనడానికి ఇంగ్లీషులోనూ అదే పోలిక ఉంది, 'కాజిల్స్ ఇన్ ది ఎయిర్'.

చర్చకు ముందే పక్కన పెట్టాల్సినదైతే నాన్-స్టార్టర్ అనండి. పందేనికి పేరిచ్చాక బరిలోకి దిగని గుర్రానికి ఆ పేరు.