బొమ్మల షాపుకి ఈమెయిల్ న్యూస్‌లెటర్ ఎలా ఉంటే జనం చదువుతారు?

విశాఖ బీచ్ రోడ్డులో ఏటికొప్పాక బొమ్మల షాపు, బిల్లు రాసేటప్పుడు తీసుకున్న మెయిల్ ఐడీలు ఉన్నాయి, నెలకో న్యూస్‌లెటర్ పంపాలి, డిజైన్ ఎలా ఉండాలి అని కదండీ మీ ప్రశ్న. ఎంవీపీ కాలనీలో మా అన్నయ్యకి కాఫీ పొడి షాపుంది. దాని మెయిల్స్ నేనే చూస్తాను కాబట్టి చెప్తున్నాను.

వాట్సాప్ కోసం చేయించిన పోస్టర్‌నే మెయిల్లో అతికించి పంపేస్తారు చాలామంది. అది మాత్రం వద్దు. ఆఫీసు మెయిళ్లలో చాలాచోట్ల ఫొటోలు వాటంతటవి తెరుచుకోవు. పోస్టర్ రాలేదంటే అక్కడ ఖాళీ డబ్బా తప్ప ఇంకేమీ కనబడదు. వచ్చినా ఫోన్లో అక్షరాలు చీమల బారే. విషయమంతా మామూలు టెక్స్ట్‌గా రాసి, మధ్యలో ఒకటో రెండో ఫొటోలు పెట్టండి. ఫొటో రాకపోయినా అదేంటో తెలిసేలా ఆల్ట్ టెక్స్ట్ ఇవ్వండి.

తెలుగులో రాస్తే ఇంకో తంటా ఉంది. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ హైట్, అంటే వరసల మధ్య ఎడం, మనకి చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడులకి తగులుకుంటాయి. అక్షరం 17 పిక్సెల్స్, లైన్ హైట్ 1.6 పెట్టి చూడండి. సోకు ఫాంట్లకి డబ్బులు తగలేయకండి, జీమెయిల్ వాటిని పట్టించుకోదు, ఫోన్లో ఉన్న ఫాంటే చూపిస్తుంది. వెడల్పు 600 పిక్సెల్స్, ఒకటే కాలమ్. రెండు కాలమ్‌ల హంగులు విండోస్‌లోని పాత అవుట్‌లుక్‌లో చెదిరిపోతాయి. వర్డ్ నుంచి కాపీ చేసి అతికించకండి, కనబడని కోడ్ బోలెడు వచ్చి పడుతుంది. కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ మెయిల్‌ని అక్కడికే కోసేస్తుంది, ఇక మెయిల్స్ వద్దనుకునేవాళ్ల కోసం అడుగున పెట్టిన అన్‌సబ్‌స్క్రైబ్ లింకూ దాంతోనే పోతుంది.

ఎవరికి పంపాలన్నది అసలు సంగతి. సీతమ్మధార నుంచి బండేసుకొచ్చి కొనుక్కెళ్లేవాళ్లకి వాట్సాప్ చాలు. మెయిల్ పనికొచ్చేది హైదరాబాద్, బెంగళూరు, అమెరికా వెళ్లిపోయిన మన ఊరివాళ్లకీ, గిఫ్టులు టోకున కొనే కంపెనీలకీ. వాళ్లని మనసులో పెట్టుకుని ఒక మెయిల్లో ఒకటే విషయం రాయండి. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి రంగు ఎలా పట్టుకుంటుందో నాలుగు వాక్యాలు, దగ్గర్నుంచి తీసిన ఒక ఫొటో, కింద ఒకే బటన్. సబ్జెక్ట్ లైన్ ‘ధమాకా ఆఫర్’ అనుంటే నేనైతే తెరవను. ‘సంక్రాంతి కొలువుకి లక్కపిడతలు వచ్చాయి’ అంటే తెరుస్తాను. అయితే అది డిసెంబరు మొదట్లోనే వెళ్లాలి, పార్సిల్ చేరాలి కదా.

బిల్లు కోసం ఇచ్చిన ఐడీకి ప్రచారం పంపితే కొందరికి చిరాకే. 2023 డేటా రక్షణ చట్టం పట్టుబట్టేది కూడా అనుమతి గురించే. మొదటి మెయిల్లో అడిగెయ్యండి, ఒప్పుకున్నవాళ్లనే ఉంచండి. లిస్టులు అమ్ముతామని ఫోన్ చేసేవాళ్లని దగ్గరికి రానివ్వకండి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ నిబంధన. అలాగే పేరు చివర జీమెయిల్ డాట్ కామ్ ఉన్న ఐడీతో, ఒకేసారి చాలామందికి మెయిల్స్ పంపే బల్క్ సర్వీసు నుంచి పంపొద్దు. సొంత డొమైన్, అంటే మీ షాపు పేరుతో ఇంటర్నెట్ అడ్రస్, కొని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) పెట్టించండి, తెలిసినవాడికి గంట పని.

ఎంతమంది తెరిచారన్న లెక్కని మరీ నమ్మకండి. 2021లో ఆపిల్ తెచ్చిన ప్రైవసీ పద్ధతి వల్ల, మనిషి చూడకపోయినా తెరిచినట్టే నమోదవుతుంది. క్లిక్కులు చూడండి, అంతకంటే జవాబులు చూడండి. మా అన్నయ్యకి టోకు ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది ‘ఐదు కిలోలు కావాలి, రేటెంత?’ అని మెయిల్‌కే తిరిగి రాసేవాళ్ల నుంచి. అందుకని తిరిగి జవాబు రాయడానికి వీల్లేని నో-రిప్లై ఐడీ పెట్టకండి.

పంపేముందు మీ ఫోన్లో డార్క్ మోడ్ పెట్టి ఒకసారి చూసుకోండి. వెనక రంగు లేని లోగోలో నల్ల అక్షరాలుంటే మీ షాపు పేరే కనబడదు.