స్వీడన్ పైరేట్ పార్టీకి ఓట్లెవరేశారు?

ప్రశ్న: స్వీడన్‌లో పైరేట్ పార్టీ అని ఒకటుందట. సినిమాలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోడానికి కూడా పార్టీ పెడతారా? ఓట్లెవరేస్తారండీ? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేశారండీ, అదీ బాగానే. 2006 జనవరి 1న రిక్ ఫాల్క్‌వింగే ఈ పార్టీ పెట్టారు. ఆ మే నెలాఖరున పోలీసులు పైరేట్ బే (సినిమాలు, పాటలు జనం ఉచితంగా పంచుకునే సైటు) సర్వర్లు పట్టుకుపోవడంతో కుర్రకారు భగ్గుమంది, సభ్యత్వాలు ఒక్కసారిగా పెరిగాయి. అయినా ఆ ఏడాది దేశ ఎన్నికల్లో వచ్చింది 0.63 శాతమే. 2009 ఏప్రిల్‌లో ఆ సైటు వాళ్లకు జైలుశిక్ష పడింది, జూన్‌లో యూరప్ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి, ఈసారి 7.13 శాతం ఓట్లు, ఒక సీటు. యూరోపియన్ యూనియన్ దేశాలు చేసుకున్న లిస్బన్ ఒప్పందంతో స్వీడన్ సీట్లు పెరిగాయి, ఆ పుణ్యాన తర్వాత రెండోదీ దక్కింది.

ఇది ఉత్త ఫ్రీ సినిమాల గోల కాదు. యూరప్‌లో రచయిత పోయాక ఇంకో 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, మన దగ్గర 60. అన్నేళ్లు ఎవరి కోసం? వ్యాపార హక్కు ఐదేళ్లు చాలు, లాభం చూసుకోకుండా పంచుకుంటే నేరం కాకూడదు అంటారు వీళ్లు. ఐదేళ్లు మరీ తక్కువ, రాసి బతికేవాళ్లకు అన్యాయం అని నా అభిప్రాయం. కానీ ఎవరు ఏం డౌన్‌లోడ్ చేస్తున్నారో పట్టుకోవాలంటే అందరి ఉత్తరాలూ విప్పి చూడాల్సిందే కదా, ఆ నిఘా వద్దని గట్టిగా అడిగారు చూడండి, అందులో నేను పూర్తిగా వాళ్ల పక్షమే.

2014లో ఆ రెండు సీట్లూ పోయాయి. ఐస్‌లాండ్‌లోని పైరేట్ పార్టీ మాత్రం 2016లో 63కి 10 సీట్లు గెలిచింది.