వేరుశనగ ఆకులు ముడుస్తున్నాయా? ముందు మందులు ఆపండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. ఎర్ర గరుసు నేల, 4 ఎకరాలు. మృగశిరలో వాన పడిందని జూన్ 12న కదిరి-6 వేరుశనగ విత్తాను. ఇప్పుడు 55 రోజుల పైరు. ఎండెక్కితే ఆకులు ముడుచుకుంటున్నాయి, అడుగు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. మందుల షాపులో చూపిస్తే వైరస్ అన్నారు. మూడుసార్లు కొట్టాను, తగ్గలేదు. రోజూ మబ్బు పడుతోంది, గాలి వీస్తోంది, వాన మాత్రం రాదు. నాలుగోసారి ఏ మందు కొట్టమంటారు సార్?
– ఒక రైతు

జవాబు: ఏ మందూ కొట్టొద్దు. మీ చేనుకు వచ్చింది బెట్ట, అంటే వాన లేక నేలలో తేమ చాలకపోవడం.

మీరు పంపిన రెండు ఫొటోలు చూస్తే చాలు. మధ్యాహ్నం తీసినదాంట్లో ఆకులు జంటలు జంటలుగా మూసుకున్నాయి. ఉదయం ఎనిమిదింటికి తీసినదాంట్లో అదే సాలులో మొక్కలన్నీ ఆకులు విప్పుకుని ఉన్నాయి. వైరస్ పట్టిన మొక్క తెల్లారేసరికి తేరుకోదు. కాండం కుళ్ళు వైరస్ తెగులైతే లేత ఆకుల మీద మచ్చలు వచ్చి, మొవ్వు (చిగురు) ఎండి, కాండం నల్లబడి మొక్క చస్తుంది. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతీసిన తెగులు అది. ఆ భయం ఇంకా పోలేదు కాబట్టే షాపులో ‘వైరస్’ అనగానే మనవాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగుల వల్ల వేరుశనగకు అంటుకుంటుంది. మీ ఫొటోలో గట్టు మీద ఆ కలుపు నడుమెత్తున కనిపిస్తోంది. మందుకు పెట్టే డబ్బు కూలీలకిచ్చి, పూత రాకముందే దాన్ని పీకించండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి. బెట్టలో ఆకుముడత పురుగు పెరుగుతుంది. ముడిచిన ఆకులను వేలితో విప్పండి. లోపల గూడు కట్టి సన్నటి పురుగు ఉండి, అలాంటి ఆకులు చేనంతా కనిపిస్తే క్వినాల్‌ఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్ల ద్రావణం సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఒకటీ అరా ఉంటే వదిలేయండి. ఆకు సులువుగా విచ్చుకుని లోపల ఏమీ లేకపోతే పంపు ఇంట్లోనే పెట్టండి.

ఇక వాన సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 553 మి.మీ. నైరుతిలో వచ్చేది 338. నెలలవారీగా చూస్తే జూన్‌లో 64, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118 మి.మీ. అంటే మన దగ్గర నైరుతి చివరికొచ్చాక గానీ వాన చిక్కబడదు. అప్పటిదాకా పశ్చిమ కనుమల అవతల కురిసి ఖాళీ అయిన గాలే ఇటు వీస్తుంది. ఆ గాలికి గాలిమరలు తిరుగుతాయి, మీ నేలలో తేమ ఆరిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలను నమ్ముకుందామా అంటే, తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి అవీ పలచబడతాయి.

మీరు జూన్ 12న విత్తారు. పూత, ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టేవి) దిగే దశ మొత్తం జూలైలో పడింది. కాయ ఊరే దశ ఇప్పుడు నడుస్తోంది. పైరు కోతకొచ్చేది సెప్టెంబరు చివర్లో, సరిగ్గా వానలు జోరందుకునే వేళ. కదిరి-6 గింజకు నిద్రావస్థ లేదు, అంటే పండగానే తడి తగిలితే మొలిచేస్తుంది, అప్పుడు ముసురు పడితే కాయలు భూమిలోనే మొలకెత్తుతాయి. మృగశిర వాన దుక్కికి వాడుకోవాల్సింది. వేరుశనగ విత్తడానికి మనకు జూలై నెల ఉంది.

అయిపోయినదాన్ని వెనక్కి తేలేం. ఇప్పుడు చేయాల్సినవి చెబుతాను. గడ్డపారతో నాలుగు చోట్ల జానెడు లోతు తవ్వి ఆ మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే పైరు ఇంకో వారం ఓపిక పట్టగలదు. పొడిగా రాలిపోతే, బోరు గానీ ఫారం పాండ్ గానీ అందుబాటులో ఉంటే స్ప్రింక్లర్లతో ఒక్క తడి ఇవ్వండి, రాత్రిపూట, గాలి తగ్గాక. ఎకరాకు 1 మి.మీ. అంటే సుమారు 4,000 లీటర్లు. కనీసం 10 మి.మీ., అంటే 40,000 లీటర్లు ఇవ్వాలి. నాలుగెకరాలకూ చాలకపోతే బాగున్న ఎకరానికే ఇవ్వండి, అందరికీ తలా గుక్కెడు పోస్తే ఎవరి దాహమూ తీరదు. ఇదే లెక్కలో మీరు మూడుసార్లు కొట్టిన మందునీళ్లు ఎకరాకు 600 లీటర్లు. నేలకు అది 0.15 మి.మీ.

ఊడలు దిగాయి కాబట్టి గుంటక (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలొద్దు. పెద్ద కలుపును చేత్తో పీకించండి. వాన పడితే రెండు మూడు రోజుల్లో పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు, ఎకరాకు 2 కిలోలు 200 లీటర్లలో, ఒక్కసారి పిచికారీ చేయండి. వాడిన ఆకు మీద కొట్టొద్దు. జిప్సం వేశారో లేదో మీరు రాయలేదు. వేయకపోతే అదే పదునులో, అంటే నేల తడిగా ఉండగానే, ఎకరాకు 200 కిలోలు మొదళ్ల పక్కన పడేలా వేయండి. కాయకు కావాల్సిన కాల్షియాన్ని కాయే మట్టిలోంచి నేరుగా తీసుకుంటుంది, పొడి మట్టిలో వేసిన జిప్సం దానికి అందదు.

మీ ఉత్తరంలో ‘వాన పడిందని విత్తాను’ అని ఉంది. ఎంత పడింది? ఏ రైతును అడిగినా ‘బాగానే పడింది సార్’ అంటారు. నిలువు గోడలున్న డబ్బా ఒకటి చెట్టు, చూరు లేని చోట పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూడండి. నీటి లోతు ఎన్ని మి.మీ. ఉంటే వాన అంత. తేదీతో నోటుబుక్కులో రాయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అందుకే ఏ షాపులోనూ చెప్పరు. పక్క ఊళ్లో 40 మి.మీ. కురిసి మీ చేలో 5 పడటం మన దగ్గర కొత్తేమీ కాదు, మండల కేంద్రం లెక్క మీకు పనికిరాదు. అరగంటలో దంచికొట్టిన వానైతే సగం నీరు వాలున వంకలోకి పోతుంది. వచ్చే ఏడు విత్తేటప్పుడే ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డుచాలు (విత్తనం వేయకుండా వదిలే చాలు) వాలుకు అడ్డంగా తీయండి. మధ్యలో కంది సాళ్లు కూడా వేయండి, 11 సాళ్లకు ఒకటి. సెప్టెంబరు, అక్టోబరు వానలు దానికి అక్కరకొస్తాయి.

మఖ కార్తెలో (ఆగస్టు రెండో సగం) కూడా వాన లేక వరపే అయితే గరుసు ఎక్కువున్న ముక్కను వదులుకుని, పదును దొరకగానే ఉలవ చల్లండి. ఆ ముక్కలో పీకిన వేరుశనగ కట్టెను మాత్రం వెంటనే పశువులకు వేయొద్దు. మూడుసార్లు కొట్టిన మందుల పేర్లు మీకే తెలియవు, ‘నీలం డబ్బా’ అని రాశారు. ఖాళీ డబ్బాలు గట్టు మీదే పడి ఉంటాయి, వాటిమీది పేర్లు, కొట్టిన తేదీలు రాసి పంపండి. మేత ఎప్పుడు వేయొచ్చో అది చూశాకే చెబుతాను.